నల్లగొండ, పాలమూరు కాలువల వెంట ప్రదర్శనశాలలు, చారిత్రక స్థలాలు

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి కృష్ణా, తుంగభద్ర నీళ్లను తెచ్చిన కాలువల వెంట, ఆ కాలువలకు నీరిచ్చే జలాశయాల ఒడ్డున ఉన్న ప్రదర్శనశాలలు, గుళ్లు, బౌద్ధ క్షేత్రాలు, కోటల గురించిన వ్యాసం ఇది. పరిధి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలు. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో మొదటిది నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. రెండోది మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలుగా చీలింది. 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. నాగార్జునకొండ దీవి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అయినా నల్లగొండ వైపు నుంచి కూడా లాంచీలో చేరుకునే చోటు కనుక దాన్ని వదిలి ఈ కథ చెప్పడం కుదరదు.

ఫ్రాన్స్‌లో కెనాల్ ద్యు మిడి అనే పాత పడవల కాలువను 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ చూడటానికి వచ్చేవాళ్లకు కాలువే ప్రదర్శనశాల: లాకులు, వంతెనలు, గట్టు వెంట చెట్లు, పడవ ప్రయాణం. మన గోదావరి డెల్టాలోనూ కొంత ఆ పోలిక కనిపిస్తుంది. ధవళేశ్వరంలో కాటన్ పేరిట మ్యూజియం ఉంది. నల్లగొండ, పాలమూరు కాలువల తీరు వేరు. ఇవి పడవల కోసం తవ్వినవి కావు, వరి మడి కోసం తవ్వినవి. వీటి దారిలో ఉన్న ప్రదర్శనశాలల్లో ముఖ్యమైనవి కాలువ గొప్ప చెప్పడానికి పుట్టలేదు. కాలువకు నీళ్లు నిలపడానికి ఆనకట్ట కడితే ఊళ్లు, గుళ్లు, స్తూపాలు మునిగాయి. మునగకముందే తవ్వి తీసినవి, విప్పి మరోచోట పేర్చినవి ఈ ప్రాంతపు ప్రదర్శనలయ్యాయి. అందుకే ఇక్కడ ఏ శిల్పం ముందు నిలబడినా, ఏ గుడి మెట్లెక్కినా, ఇది మొదట ఎక్కడ ఉండేదని అడగడం మంచిది. చాలాసార్లు జవాబు నీళ్ల అడుగున ఉంటుంది.

నాగార్జునసాగర్, ఎడమ కాలువ

మొదట్లో నందికొండ ప్రాజెక్టు అని పిలిచిన ఈ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ఈ స్థలం కోసం పట్టుబట్టినవారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పేరు తప్పక చెప్పాలి. 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని సిఫారసు చేసింది. సిమెంటు, యంత్రాలు కరువైన రోజులవి. మనుషులకు మాత్రం కరువు లేదు. అందుకే కాంక్రీటుకు బదులు రాతికట్టడం ఎంచుకున్నారు. ప్రపంచంలోని పెద్ద రాతి ఆనకట్టల్లో ఇదొకటి. ఎత్తు సుమారు 124 మీటర్లు, గేట్లు 26, నిండు నీటిమట్టం 590 అడుగులు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. గుంటూరు వైపు వెళ్లే కుడి కాలువకు జవహర్ కాలువ అనీ, నల్లగొండ మీదుగా ఖమ్మం, కృష్ణా జిల్లాల వైపు వెళ్లే ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అనీ పేర్లు పెట్టారు. ఈ రెండో పేరు కాగితాల మీదే ఉంది. రైతులకు అది ఎడమ కాలువే.

ఆనకట్టకు నల్లగొండ వైపున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఉన్నాయి. రెండూ ప్రాజెక్టు కట్టేటప్పుడు ఉద్యోగులకోసం వెలసిన కాలనీలు. ఇప్పుడు నందికొండ పురపాలిక కింద ఉన్నాయి. శంకుస్థాపన గుర్తుగా నిలిపిన స్తంభం పైలాన్ కాలనీకి పేరిచ్చింది. పర్యాటకుల బస్సులు ఆనకట్ట, లాంచీ స్టేషను, బుద్ధవనం చూపించి వెనక్కి తిరుగుతాయి. ఆ పాత క్వార్టర్ల వీధుల్లో కాసేపు నడిస్తే 1950ల, 60ల నాటి ప్రాజెక్టు ఊరు ఎలా ఉండేదో తెలుస్తుంది. ఈ సంగతి చెప్పే బోర్డు ఒకటి పెడితే బాగుండేది.

నాగార్జునకొండ

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు కొండల మధ్య లోయలో పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకూ, టి.ఎన్. రామచంద్రన్ 1938లోనూ తవ్వకాలు జరిపారు. సాగర్ కట్టడం ఖాయమయ్యాక తీరిక లేకుండా పోయింది. 1954 నుంచి 1960 వరకూ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారత పురావస్తు సర్వే లోయంతా గాలించింది. నీళ్లు వచ్చేలోపు తవ్వడం, గీయడం, ఫొటోలు తీయడం, ఎత్తి తరలించడం పూర్తి కావాలి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుళ్లను కోసి పైకెత్తిన పని 1964లో మొదలైంది. అప్పటికే కృష్ణ ఒడ్డున ఇలాంటి పని చాలావరకు ముగిసింది. అబూ సింబెల్ పేరు ప్రపంచమంతా తెలుసు. నాగార్జునకొండ తరలింపు గురించి తెలుగు పాఠ్యపుస్తకాల్లో కూడా ఎక్కువ కనపడదు.

లోయ అడుగున బయటపడింది విజయపురి. క్రీస్తు శకం మూడో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం మొదటి భాగం వరకూ ఇక్ష్వాకుల రాజధాని అది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఏలిన పట్నం. రాజులు అశ్వమేధం చేసిన వైదికులు, వారి ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దాతలు. మహాచైత్యం నిర్మాణంలో ముందు నిలిచిన శాంతిశ్రీ మొదటి శాంతమూలుడి చెల్లెలు. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం సింహళ భిక్షువుల కోసం కట్టిన చైత్యగృహం గురించి చెబుతుంది. ఒకే లోయలో ముప్ఫైకి పైగా బౌద్ధ కట్టడాలు, వాటి పక్కనే కార్తికేయుడికీ సర్వదేవుడికీ గుళ్లు, నది ఒడ్డున స్నానఘట్టం, మెట్ల వరసలతో రంగస్థలం దొరికాయి. స్తూపాల పునాదులు బండి చక్రం ఆకుల్లా అమర్చినవి. కొన్నింటి నడుమ స్వస్తిక కూడా ఉంది.

లోయలో ఒకప్పటి కొండ కొన ఇప్పుడు దీవి. తొమ్మిది కట్టడాలను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. మరికొన్నింటికి చిన్న నమూనాలు చేశారు. 1966లో తెరిచిన ప్రదర్శనశాలలో పలనాటి సున్నపురాయి మీద చెక్కిన ఆయక స్తంభాలు, జాతక కథల పలకలు, మాంధాత చక్రవర్తి శిల్పాలు, నిలువెత్తు బుద్ధుడు, ఇంకా వెనక్కి వెళితే రాతియుగపు పనిముట్లు ఉన్నాయి. తొందరలో ఉన్నవాళ్లు శిల్పాలు చూసి బయటికొస్తారు. నా లెక్కన ముందుగా చూడవలసింది మునిగిన లోయ నమూనా. ఏ విహారం ఏ గుట్ట పక్కన ఉండేదో అందులో తెలిసాకే గోడకు ఆనించిన పలకకు చోటు దొరుకుతుంది. రంగస్థలాన్ని, విహారాన్ని కుడి ఒడ్డున అనుపు దగ్గర పునర్నిర్మించారు. అక్కడికి రోడ్డు దారి ఉంది.

ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడని చెప్పుకోవడం చాలాకాలంగా ఉన్న వాడుక. శాసనాల్లో కనిపించే పేర్లు మాత్రం విజయపురి, శ్రీపర్వతం. ఆచార్యుడితో ముడి సంప్రదాయం మీద నిలిచింది, శాసనాల మీద కాదు.

ఏలేశ్వరం, బుద్ధవనం

ఎదుటి ఒడ్డున, అంటే నల్లగొండ వైపు, మునిగిన ఏలేశ్వరం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ అక్కడ తవ్వకాలు జరిపారు. పెద్దరాతి సమాధుల కాలం నుంచి మధ్యయుగం దాకా పొర మీద పొర బయటపడింది. దొరికిన వస్తువులు హైదరాబాదు చేరాయి. ఊరు పోయింది, ఏలేశ్వరం గట్టు మీద మల్లన్న మాత్రం మిగిలాడు. శివరాత్రికి భక్తులు నీళ్ల మీదుగా వెళతారు. నాగార్జునకొండకు దక్కిన ప్రదర్శనశాల దీనికి దక్కి ఉంటే నల్లగొండ ఒడ్డు చరిత్ర నల్లగొండలోనే చదువుకునే వీలుండేది.

ఆ లోటును కొంత పూడ్చింది హిల్ కాలనీ పక్కన 274 ఎకరాల్లో వెలసిన బుద్ధవనం. 2022 మే 14న ప్రారంభించారు. నడుమ మహాస్తూపం అమరావతి స్తూపానికి ప్రతిరూపం: 21 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వ్యాసం. లోపల వారసత్వ ప్రదర్శనశాల, ధ్యానమందిరం ఉన్నాయి. బయట బుద్ధుడి జీవితఘట్టాల ఉద్యానం, నలభై జాతక కథల వనం, దేశదేశాల స్తూపాల చిన్న నమూనాలు, శ్రీలంక బహూకరించిన అవుకన బుద్ధుడి 27 అడుగుల ప్రతిరూపం. ఇక్కడి కట్టడాలు ఇటీవలివని సందర్శకుడు గుర్తుంచుకోవాలి. అమరావతి అసలు రాళ్లు చాలావరకు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. నిండు స్తూపం ఎలా ఉండేదో కళ్లకు కట్టడానికి కొత్త కట్టడమే పనికొస్తుంది. పాఠశాల పిల్లలను ముందు బుద్ధవనానికి, తర్వాత దీవికి తీసుకెళితే పాఠం సులువుగా ఎక్కుతుంది.

కాలువ దిగువన

ఎడమ కాలువ సొరంగంతో మొదలై, వాగుల మీద ఆక్విడక్టులతో దాటుతూ, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడిపి ఖమ్మం జిల్లాలో పాలేరు జలాశయంలో కలిసి ముందుకు సాగుతుంది. మేజర్లు, మైనర్లు, తూములు, వాటిని కాచే లస్కర్లు, చివరి భూములకు అందని నీటి మీద ఏటా గొడవలు: ఆయకట్టు భాష అంతా ఇదే. మిర్యాలగూడ చుట్టూ వెలసిన వందలాది బియ్యం మిల్లులు ఈ కాలువ బిడ్డలే. దక్షిణాన దామరచర్ల దగ్గర వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి సంగమం మీదే ఉన్నాయి. నరసింహుడి గుడిలో రెండు దీపాలు ఉంటాయి. స్వామి ముఖం దగ్గరి దీపం ఊపిరికి కదులుతుందనీ, పాదాల దగ్గరిది నిశ్చలంగా ఉంటుందనీ భక్తులు చూపిస్తారు. కృష్ణ వెంట ఇంకా దిగువన మట్టపల్లి నరసింహుడు.

ఈ దారిలో కనిపించే సిమెంటు ఫ్యాక్టరీలను తిట్టుకుంటూ దాటిపోకండి. ఇక్ష్వాకుల శిల్పులు ఉలి పెట్టిన రాయి, ఈ కొలిమిల్లో కాలే రాయి రెండూ కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న సున్నపురాయే.

కాలువకు దూరమైనా సూర్యాపేట జిల్లా ఫణిగిరిని చెప్పక తప్పదు. గుట్ట మీది బౌద్ధ విహారంలో 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో అరుదైన తోరణ శిల్పాలు బయటపడ్డాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రాచీన బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి తోరణానికి చోటు దక్కింది. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. నీళ్లు దీన్ని తాకలేదు కనుక గుట్ట ఎక్కి అసలు చోటులోనే చూడవచ్చు. నాగార్జునకొండ చూసి వచ్చినవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

పానగల్లు

నల్లగొండ పట్నం పక్కనే ఉన్న పానగల్లులో చెరువు, కాలువ, గుడి, మ్యూజియం ఒక్కచోట కలుస్తాయి. కందూరు చోడుల రాజధానుల్లో ఇదొకటి. ఉదయసముద్రం చెరువు ఆ వంశపు రాజు ఉదయాదిత్యుడి పేరున వెలసింది. వందల ఏళ్లు వాన నీటితో నిండిన ఈ చెరువు ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో నీళ్లు నిలిపే జలాశయం. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర నీటిని ఎత్తి అక్కంపల్లికి, అక్కడి నుంచి కాలువలో ఇక్కడికి తెస్తారు. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు కూడా అక్కంపల్లి నుంచే వెళతాయి. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెలకు ఈ నీళ్ల విలువ వేరే చెప్పనక్కరలేదు.

పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో జిల్లా పురావస్తు ప్రదర్శనశాల ఉంది. ఉమ్మడి జిల్లాలో అక్కడక్కడ దొరికిన శిల్పాలు, శాసనాలు ఇక్కడికి చేరాయి. గుడి స్తంభాల మీద రామాయణ, భారత ఘట్టాలను ఓపిగ్గా చూడాలి. వేళ్ల పొడవు బొమ్మల్లో యుద్ధమంతా ఇరికించారు. పొలాల మధ్య ఉన్న ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా కదలని స్తంభపు నీడ పడుతుంది. ఏ స్తంభానిదో చేత్తో అడ్డుపెట్టి చూస్తే తేలదు. వెలుగు ఒక్క దిక్కు నుంచి కాక మండపం ఇరుపక్కల నుంచీ పరావర్తనమై వచ్చి, ఒకటికి మించిన స్తంభాల నీడలు ఒకే చోట కలవడం వల్ల అలా కనబడుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కారణం తెలిసినా చూడటం మానరు ఎవరూ.

మూసీ కాలువల వైపు వెళితే భూదాన్ పోచంపల్లి ఉంది. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానం ఇక్కడ మొదలైంది. గ్రామీణ పర్యాటక కేంద్రంలోని ప్రదర్శన ఆ కథతోపాటు చిటికి కట్టి రంగులద్ది నేసే ఇక్కత్ పనినీ చూపిస్తుంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకుంది. ఊరి పొలాలకు పిలాయిపల్లి కాలువ తెచ్చే మూసీ నీళ్లు హైదరాబాదు మురుగుతో వస్తాయి. ఆ సంగతి ఏ ప్రదర్శనలోనూ లేదు.

పాలమూరు: కదిలొచ్చిన గుళ్లు

పాలమూరులో ముంపు కథ శ్రీశైలం జలాశయానిది. 1963లో శంకుస్థాపన, 1980లలో నీటి నిల్వ. కృష్ణ, తుంగభద్రల ఒడ్డున వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. పురావస్తు శాఖ రాళ్లకు అంకెలు వేసి గుళ్లు విప్పి, ఒడ్డుపైన మళ్లీ పేర్చింది. రెండు నదుల కూడలిలో ఉండిన కూడవెల్లి సంగమేశ్వరం అలంపురం చేరింది. పాపనాశి గుళ్ల గుంపు కూడా అలంపురం దగ్గరికి వచ్చింది. కొల్లాపురం దగ్గర సోమశిలలో సోమేశ్వరుడి గుళ్లు, జటప్రోలులో మదనగోపాలస్వామి ఇలా పైకి వచ్చినవే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర మ్యూజియం పక్కన ఉన్న రాజరాజేశ్వరి గుడి కూడా ముంపు నుంచి తెచ్చిందే.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మాత్రం కదల్లేదు. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో, తుంగభద్ర ఎడమ ఒడ్డున కట్టిన శివాలయాలివి. పేర్లలో బ్రహ్మ ఉన్నా లోపల లింగాలే. ఉత్తరాది రేఖానాగర శిఖరాలు తెలుగు నేల మీద ఇంత గుంపుగా మరెక్కడా లేవు. స్వర్గబ్రహ్మ గోడల మీది దిక్పాలకులను ఉదయపు ఎండలో చూడాలి. ఆవరణలోని ప్రదర్శనశాల గదులు చిన్నవి, వెలుతురు చాలదు. కానీ ఉన్న శిల్పాలు గొప్పవి: నటరాజు, మహిషాసురమర్దిని, తలకు బదులు తామర ఉన్న లజ్జాగౌరి. పిల్లలు లేనివారు ఈ లజ్జాగౌరిని మొక్కుకునేవారు. మ్యూజియంలోకి వచ్చాక మొక్కు తగ్గి చూపు మిగిలింది. జోగుళాంబకు కొత్త గుడిని 2005లో ప్రతిష్ఠించారు.

అలంపురం పొలాలకు నీళ్లిచ్చేది రాజోలిబండ కాలువ. రాయచూరు జిల్లాలో తుంగభద్ర మీద ఆనకట్ట, సుమారు 143 కిలోమీటర్ల కాలువ, తెలంగాణలో 87,500 ఎకరాల ఆయకట్టు: కాగితం మీద లెక్క ఇది. చివరి పొలాల దాకా నీరు రాలేదు. లోటు తీర్చడానికి తుమ్మిళ్ల ఎత్తిపోతలు కట్టారు. నిజమైన పడవల కాలువ చూడాలంటే రాజోలి దగ్గర ఒడ్డున నిలబడి ఎదుటికి చూడాలి. అక్కడ సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు కడప కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సాగుకూ పడవలకూ కలిపి తవ్వింది. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. పడవలు పోయాయి, సాగు నిలిచింది. 2009 అక్టోబరు వరదలో రాజోలి ఊరే మునిగింది.

పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లదని చెప్పే మర్రిచెట్టు, సుమారు నాలుగెకరాలు కమ్మిన ఊడలు. 2017 చివర్లో చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ కూలింది. 2018లో మనిషికి సెలైన్ పెట్టినట్టే కొమ్మలకు మందు సీసాలు వేలాడదీశారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. మర్రి దగ్గరి జిల్లా మ్యూజియానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెట్టు కోసం వచ్చి, ఎండకు తాళలేక లోపలికి దూరినవాళ్లే. ఏదైతేనేం, చూశారు.

కొత్తకోట దగ్గర సరళాసాగర్‌ను ఇంజినీర్లు తప్పక చూడాలి. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట తలపెట్టిన ఈ ప్రాజెక్టు 1959లో పూర్తయింది. గేట్లు ఎత్తేవాళ్లు అక్కరలేదు. నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్ల లోపలి గాలి బయటికి తోసుకుపోయి, నీళ్లు తమంత తామే పైకి లాగబడి దిగువకు దూకుతాయి. 2019 డిసెంబరు 31న కట్టకు గండి పడి చెరువు ఖాళీ అయింది, తర్వాత బాగుచేశారు. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. జూరాల ప్రాజెక్టు కాలువల దారిలో గద్వాల కోట, లోపలి చెన్నకేశవస్వామి గుడి, బయట మగ్గాల మీద నూలు ఒంటికి పట్టు అంచు కలిపే గద్వాల చీర.

ఇన్ని చోట్ల చూసినా కనబడని మనిషి ఒకడున్నాడు. దేశంలో పెద్ద ఆనకట్టలు, కాలువలు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ పేరు వినబడేది. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని, తట్టా పారా పట్టుకుని, పిల్లాజెల్లాతో వెళ్లినవాళ్లు. తమ ఊళ్లో బావి ఎండితే వేరే ఊరి కాలువ తవ్వారు. ఇక్ష్వాకుల కాలపు దాతల పేర్లు స్తంభాల మీద ఉన్నాయి. ఈ తట్ట మోసినవాళ్ల పనిముట్లకు, పాటలకు, గుడిసెల ఫొటోలకు ఒక గదైనా కేటాయిస్తే ఈ కాలువల చరిత్ర సగం కాక పూర్తిగా ఉంటుంది. పైలాన్ కాలనీలో అందుకు చోటుకు కొదవ లేదు.

చూడబోయేవారికి

హైదరాబాదు నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. భారత పురావస్తు సర్వే ప్రదర్శనశాలలకు శుక్రవారం సెలవు, నాగార్జునకొండదీ అంతే. లాంచీలు నీటిమట్టం, గాలి, ప్రయాణికుల సంఖ్య చూసి కదులుతాయి. 2019లో గోదావరి మీద కచ్చులూరు ప్రమాదం తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. కనుక ఉదయం లాంచీ పట్టుకుంటే నయం, సాయంత్రందాకా ఆగితే దీవి మీద గడిపే సమయం గంట కూడా మిగలదు. కాలువలో నీళ్లు చూడాలంటే ఖరీఫ్‌కు వదిలాక, సాధారణంగా ఆగస్టు తర్వాత వెళ్లాలి. వేసవిలో వెళితే కాలువ అడుగు కనిపిస్తుంది. శ్రీశైలం వెనుక జలాలు బాగా తగ్గిన వేసవిలో మునిగిన పాత కట్టడాల ఆనవాళ్లు కొన్ని చోట్ల బయటపడతాయి. అలంపురానికి హైదరాబాదు, కర్నూలు రహదారి మీద అలంపురం చౌరస్తాలో దిగి ఆటో ఎక్కాలి. సోమశిలకు కొల్లాపురం మీదుగా వెళతారు.